రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే: ఎన్నికల డబ్బు జాడ

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ళ కోసం, విన్నా అంకెలు గుర్తుండలేదు అన్నా అని మెసేజ్ పెట్టినవాళ్ళ కోసం, దాన్నే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాను. మాటల్లో చెప్పినప్పుడు తొందరలో వదిలేసిన సంగతులు కూడా ఇందులో చేర్చాను.

2013 ఫిబ్రవరిలో నేను బటర్‌వర్త్‌లో ఒక మామక్ హోటల్లో గిన్నెలు కడిగేవాణ్ణి. అవి చైనా కొత్త సంవత్సరం రోజులు. అవతల పెనాంగ్ దీవిలో జార్జ్‌టౌన్‌కి కొరియా పాటగాడు సై వచ్చి 'గంగ్నమ్ స్టైల్' పాడతాడన్నారు. పిలిచింది అధికారంలో ఉన్న బారిసాన్ నేషనల్ కూటమి. ఫిబ్రవరి 11న ప్రధానమంత్రి నజీబ్ రజాక్ వేదిక ఎక్కి, సై కోసం రెడీయా అని అడిగితే జనం అవునని అరిచారు. బారిసాన్ కోసం రెడీయా అంటే కాదు అని అరిచారు. ఆ వీడియో మా హోటల్‌కి తె తారిక్ తాగడానికొచ్చిన ప్రతివాడి ఫోన్‌లోనూ ఆడింది. అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం వేరే డౌటు వచ్చింది: ఇంత పెద్ద పాటగాడికి ఫీజు ఎవరిచ్చి ఉంటారు?

ఏప్రిల్ 3న పార్లమెంటు రద్దయింది. మే 5న పోలింగ్. ఆ నెల రోజులూ ఎటు చూసినా జెండాలే. నీలం గుడ్డ మీద తెల్ల తక్కెడ బారిసాన్‌ది. రాకెట్ బొమ్మ, తెల్ల చందమామ ఎదుటి పార్టీలవి. కరెంటు స్తంభాలకి, వంతెనల రెయిలింగులకి, రోడ్డు మధ్య గడ్డిలో కూడా పాతారు. ఊళ్ళో ఎన్నికలు చూసి పెరిగినవాణ్ణే గానీ, ఇంత గుడ్డ ఎప్పుడూ చూడలేదు. ఈ డబ్బంతా ఎక్కడిది తౌకే అని అడిగితే, ఆయన నవ్వి నీ పని చూసుకో అన్నాడు.

ఆయన మాటలో తప్పేం లేదు. మనకిక్కడ ఓటు లేదు. పర్మిట్ మీద ఉన్నవాళ్ళం, ఈ దేశం రాజకీయాల్లో వేలు పెట్టడం మన పని కాదు. నేనిప్పుడు రాస్తున్నది కోర్టు తీర్పుల్లో, కేసు కాగితాల్లో, ఎన్నికల సంఘాల రికార్డుల్లో ఉన్నదే. ఎవరైనా చదవగలిగినదే. నేను చదివింది ఇంటర్ వరకే. నాకూ చాలా రోజులు పట్టింది.

కిరాణీ తాతగారు చెప్పిన మాట

చదవడం ఎలాగో నాకు నేర్పింది ఇక్కడే పుట్టిన ఒక తెలుగు తాతగారు. వాళ్ళ నాన్న విశాఖపట్నం వైపు నుంచి తోట పనికి వచ్చినవాడు. తాతగారు పెరాక్‌లో ఒక తోట ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆ రోజుల్లో తోట గుమాస్తాని కిరాణీ అనేవాళ్ళు. ఆయన నాతో అన్నది ఇదీ:

"దొంగ లెక్క ఎప్పుడూ ఒక్క పుస్తకంలో కనబడదు బాబూ. చెక్‌రోల్‌లో నలభై మంది పనిచేసినట్టు ఉంటది. స్టోరు పుస్తకంలో ముప్పై మందికే బియ్యం ఇచ్చినట్టు ఉంటది. దేనికది చూస్తే రెండూ బాగానే ఉంటాయి. పక్కపక్కన పెట్టావనుకో, ఆ పది మంది ఎవరని అడగొచ్చు."

ఆ మాట నాకు గట్టిగా తగలడానికి ఒక కారణం ఉంది. 2011లో నన్నిక్కడికి పంపిన ఏజెంటుకి 85 వేలు చేతికిచ్చాను. ఫ్యాక్టరీ పని అన్నాడు. వచ్చాక చూస్తే హోటల్ పని. చెప్పిన జీతంలో సగానికి కొంచెం ఎక్కువ వచ్చేది. మిగతాది లెవీ అన్నారు, రూమ్ అన్నారు. ఫిర్యాదు చేయడానికి వెళ్తే ఎదుటివాళ్ళు అడిగింది ఒకటే: కాగితం ఉందా? నా దగ్గర లేదు. ఏజెంటు దగ్గర మాత్రం నేను సంతకం పెట్టిన కాగితం ఉంది. నేను చదవకుండా పెట్టిన సంతకం అది. అక్కడితో అయిపోయింది. నా మాట అబద్ధమని ఎవరూ అనలేదు, కానీ పక్కన పెట్టి చూడ్డానికి రెండో పుస్తకం లేదు.

చట్టం ఎంత ఖర్చు పెట్టమంది?

మలేషియాలో 1954 నాటి ఎన్నికల నేరాల చట్టం ఉంది. దాని ప్రకారం పార్లమెంటు అభ్యర్థి 2 లక్షల రింగిట్లకు, రాష్ట్ర అసెంబ్లీ అభ్యర్థి లక్ష రింగిట్లకు మించి ఖర్చు పెట్టకూడదు. ఎన్నికయ్యాక లెక్క రాసి ఎన్నికల అధికారికి అప్పజెప్పాలి. 2013లో పార్లమెంటు స్థానాలు 222, అదే రోజు పోలింగ్ జరిగిన అసెంబ్లీ స్థానాలు 505. ఒక కూటమి అన్ని చోట్లా అభ్యర్థిని నిలబెట్టి, ప్రతివాడూ చట్టం ఒప్పుకున్నంతా ఖర్చు పెట్టాడనుకోండి. పార్లమెంటుకి 4 కోట్ల 44 లక్షలు, అసెంబ్లీలకి 5 కోట్ల 5 లక్షలు. మొత్తం 9 కోట్ల 49 లక్షల రింగిట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ చట్టంలో ఒక కంత ఉంది. హద్దు అభ్యర్థికే, పార్టీకి లేదు. పార్టీ ఎంత తెచ్చుకున్నా, ఎంత ఖర్చు పెట్టినా అడిగే గీత లేదు. విరాళం ఎవరిచ్చారో జనానికి చెప్పాలన్న నియమమూ లేదు. దీనికో ప్రత్యేక చట్టం తెస్తామని ప్రభుత్వాలు మారినా చెబుతూనే ఉన్నాయి. మన దగ్గరా ఇంచుమించు ఇంతే. ఆంధ్రలో, తెలంగాణలో ఎంపీ అభ్యర్థికి 95 లక్షలు, ఎమ్మెల్యే అభ్యర్థికి 40 లక్షల రూపాయల హద్దు ఉంది. పార్టీకి హద్దు లేదు.

మనం రోజూ వెళ్ళే రోడ్డు

ఈ కంతలోకి మొదట టార్చి వేసి చూసిన కథ మీరు బస్సులో వెళ్ళే రోడ్డుదే. ఉత్తరాన థాయ్ సరిహద్దు నుంచి దక్షిణాన జొహోర్ దాకా పోయే నార్త్-సౌత్ హైవే. 1980ల నడుమ దాని కాంట్రాక్టు యునైటెడ్ ఇంజనీర్స్ మలేషియా అనే కంపెనీకి వెళ్ళింది. ఆ కంపెనీలో పెద్ద వాటా హతిబుది అనే ఇంకో కంపెనీది. మరి హతిబుది ఎవరిది?

కంపెనీల రిజిస్ట్రారు ఆఫీసులో ఫీజు కడితే ఏ కంపెనీలో వాటాదార్లు ఎవరో, డైరెక్టర్లు ఎవరో చూడొచ్చు. ఇప్పటికీ అంతే, ఫీజు కడితే ఆ కాగితం ఎవరికైనా ఇస్తారు. అలా వెతికినవాళ్ళకి హతిబుది వెనక పాలక పార్టీ అంబ్నో కనబడింది. ఆ వాటాలు పార్టీ తరఫున ట్రస్టీల చేతిలో ఉన్నవేనని తర్వాత పార్టీ పెద్దలే ఒప్పుకున్నారు. అంటే కాంట్రాక్టు ఇచ్చే ప్రభుత్వమూ, దాంట్లో లాభం అందుకునే పార్టీ, రెండూ ఒకే ఇంటివి.

ప్రతిపక్ష నాయకుడు లిమ్ కిట్ సియాంగ్ 1987లో కోర్టుకెక్కారు. 1988లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా తీర్పిచ్చింది. ఈ కేసు వేసే అర్హత ఆయనకి లేదంది. తీర్పు వచ్చేనాటికి ఆయన విచారణ లేకుండా నిర్బంధించే చట్టం కింద జైల్లో ఉన్నారు. హైవే 1994లో పూర్తయింది. కేసు ఓడిపోయింది గానీ కాగితం మిగిలింది. టెరెన్స్ గోమెజ్ అనే పరిశోధకుడు అలాంటి రిజిస్ట్రారు కాగితాలన్నీ జతచేసి అంబ్నో వ్యాపారాల మీద 1990లో ఒక పుస్తకమే రాశాడు. ఈ దేశంలో పార్టీ డబ్బు వెతికేవాళ్ళకి దారి వేసిన పుస్తకాల్లో అదొకటి.

జెండాల ఏడాదికి తిరిగొద్దాం

2009లో మలేషియా ప్రభుత్వం 1ఎమ్‌డీబీ అనే సంస్థ పెట్టింది. అప్పులు తెచ్చి, పెట్టుబడులు పెట్టి దేశానికి లాభం తేవాలన్నది చెప్పిన ఉద్దేశం. దాని సలహా మండలికి అధ్యక్షుడు నజీబ్. ఏ పదవీ లేకపోయినా వెనక నుంచి పనులు నడిపించాడని కేసుల్లో తేలినవాడు ఝో లో. ఇతనూ పెనాంగ్‌వాడే.

2013 మార్చిలో 1ఎమ్‌డీబీ గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు ద్వారా బాండ్లు అమ్మి 300 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. అందులో 100 కోట్ల డాలర్లకు పైగా పక్కదారి పట్టిందని అమెరికా న్యాయశాఖ తర్వాత కోర్టులో రాసింది. పెట్టుబడి నిధులని పేరు పెట్టుకున్న కంపెనీల గుండా డబ్బు తిరిగి, సింగపూర్‌లో ఫాల్కన్ బ్యాంకులో తానోర్ ఫైనాన్స్ అనే కంపెనీ ఖాతాలో పడింది. అక్కడి నుంచి మార్చి 21న 62 కోట్ల డాలర్లు, మార్చి 25న 6 కోట్ల 10 లక్షల డాలర్లు కౌలాలంపూర్‌లో అమ్‌బ్యాంకులోని ఒక ఖాతాకి వచ్చాయి. ఆ ఖాతా ప్రధానమంత్రిది. పార్లమెంటు రద్దుకి అప్పటికి రెండు వారాలు కూడా లేదు.

మొత్తం 68 కోట్ల 10 లక్షల డాలర్లు. పేపర్లలో మీరు చూసిన అంకె 260 కోట్ల రింగిట్లు. అది 2015లో వార్త బయటికొచ్చినప్పటి రేటు. ఇంటికి డబ్బు పంపేవాళ్ళం, మనకి ఎవరూ చెప్పక్కర్లేదు: ఎంత అన్నప్పుడు రేటు ఏ రోజుదో అడగాలి. డబ్బు పడిన 2013 రేటు ప్రకారం కోర్టు అభియోగంలో రాసింది దాదాపు 208 కోట్ల రింగిట్లు.

ఇప్పుడు ఇందాకటి అంకె తీయండి. దేశంలో ప్రతి స్థానంలోనూ చట్టం ఒప్పుకున్నంతా ఖర్చు పెడితే 9 కోట్ల 49 లక్షలు. ఒక్క మనిషి ఖాతాలో పడింది దానికి 22 రెట్లు. ఎన్నికలైపోయాక ఆగస్టులో 62 కోట్ల డాలర్లు వెనక్కి వెళ్ళాయి. మిగిలిన 6 కోట్ల డాలర్లే ఆ హద్దుకి దాదాపు రెండింతలు.

ఎన్ని పుస్తకాలు కలిస్తే బయటపడింది?

ఎవరో ఒకడు తప్పు ఒప్పుకుంటే ఇది బయటపడలేదు. ఒక్కో దేశంలో, ఒక్కో ఆఫీసులో మామూలుగా రాసుకున్న కాగితాలు ఒకచోటికి చేరితే బయటపడింది. బాండ్లు అమ్మిన బ్యాంకు దగ్గర ఎంత వచ్చిందన్న లెక్క. సింగపూర్ బ్యాంకు దగ్గర ఎవరి ఖాతా నుంచి ఏ తేదీన పోయిందన్న లెక్క. కౌలాలంపూర్ బ్యాంకు దగ్గర ఎవరి ఖాతాలో పడిందన్న లెక్క. డాలర్లు న్యూయార్క్ గుండా కదిలాయి కాబట్టి అక్కడి బ్యాంకుల్లో ఇంకో జాడ. దేనికది మామూలు బ్యాంకు కాగితం. తేదీలు పక్కపక్కన పెడితే గొలుసు.

లండన్ నుంచి క్లేర్ రూకాసిల్ బ్రౌన్ నడిపే సరవాక్ రిపోర్ట్, ఇక్కడి ఎడ్జ్ పత్రిక చాలా కాలంగా రాస్తూనే ఉన్నాయి. 2015 జూలై 2న వాల్ స్ట్రీట్ జర్నల్ ప్రధాని ఖాతా సంగతి రాసింది. అదే నెలాఖరులో ఎడ్జ్ పత్రికలు రెండింటిని మూడు నెలలు ఆపమన్నారు. జూలై 28న అటార్నీ జనరల్‌ని మార్చేశారు. అదే రోజు ఉప ప్రధానిని తీసేశారు. 2016 జనవరిలో కొత్త అటార్నీ జనరల్ అది సౌదీ రాజకుటుంబం ఇచ్చిన కానుక అని, నేరమేమీ లేదని ప్రకటించాడు. 1ఎమ్‌డీబీ మీద ఆడిటర్ జనరల్ రిపోర్టుని అధికార రహస్యంగా మూసిపెట్టారు.

ఇంట్లో పుస్తకాలన్నీ మూసేశారు గానీ, పక్కింటి పుస్తకం వీళ్ళ చేతిలో లేదు. 2016 జూలై 20న అమెరికా న్యాయశాఖ కాలిఫోర్నియా కోర్టులో దావా వేసింది. దాన్ని ఎవరైనా చదవొచ్చు. తేదీలు, ఖాతాలు, మొత్తాలు వరసగా ఉన్నాయి. నజీబ్ పేరు రాయలేదు, 'మలేషియా అధికారి 1' అని రాశారు. ఆ అధికారి ఎవరో కొన్ని వారాల తర్వాత టీవీ ఇంటర్వ్యూలో మలేషియా మంత్రే చెప్పాడు.

అమెరికాలో పొలిటికల్ యాక్షన్ కమిటీ

ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. మీలో కొంతమందికి ఇది కొత్తగా ఉంటుంది. ఈ కేసుల్లో కనబడే ఝో లో డబ్బు మలేషియా ఎన్నికల దగ్గరే ఆగలేదు. 2012లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకీ వెళ్ళింది.

అమెరికాలో అభ్యర్థికి నేరుగా ఇచ్చే విరాళానికి హద్దుంది. విదేశీయులు అసలు ఇవ్వకూడదు. 2010లో వచ్చిన కోర్టు తీర్పుల తర్వాత సూపర్ ప్యాక్ అనే రకం పొలిటికల్ యాక్షన్ కమిటీలు వచ్చాయి. ఇవి అభ్యర్థికి చెందకుండా విడిగా ప్రచారం చేస్తాయి. ఎంతైనా తీసుకోవచ్చు, ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు. షరతు ఒకటే: ఎవరిచ్చారో, ఎవరికి దేనికి ఎంత కట్టారో ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కి రాసివ్వాలి. కమిషన్ దాన్ని తన వెబ్‌సైట్లో పెడుతుంది. పేరు కొట్టి మీ ఫోన్‌లోనే చూడొచ్చు, ఫీజు లేదు.

ఒబామా రెండోసారి గెలిచిన ఆ ఎన్నికల్లో బ్లాక్ మెన్ వోట్ అనే సూపర్ ప్యాక్ ఉంది. దాని రికార్డులో ఎస్పీఎం హోల్డింగ్స్ అనే కంపెనీ పేరు మీద 10 లక్షల డాలర్లకు మించిన విరాళం ఉంది. రికార్డు అబద్ధం చెప్పలేదు, పేరు రాసింది. కానీ ఆ పేరు కంపెనీది. దాని వెనక మనిషి ప్రాస్ మిషెల్, ఫ్యూజీస్ అనే పాటల బృందంలో ఒకప్పటి గాయకుడు. ఇది విలేకరులు బయటపెట్టారు. కంపెనీని ముసుగుగా వాడి విరాళం ఇచ్చారని క్రూ అనే పౌర సంస్థ 2015లో కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. దానికి జవాబుగా మిషెల్ సంతకంతో ఒక ప్రకటన పంపాడు. 2016లో కమిషన్ సభ్యులు ముగ్గురు అటు, ముగ్గురు ఇటు అయ్యి ఫిర్యాదు మూతపడింది.

అప్పటికి చూస్తే ఇదీ ఓడిపోయిన కేసే. కానీ ఆ ప్రకటన ఫైల్లో ఉండిపోయింది. 1ఎమ్‌డీబీ డబ్బు వెతుకుతున్న అధికారులకి బ్యాంకు కాగితాల్లో ఇంకో లెక్క దొరికింది. ఝో లో వైపు కంపెనీల నుంచి మిషెల్‌కి 2 కోట్ల 16 లక్షల డాలర్లు వచ్చాయి. అందులో కొంత సుమారు 20 మందికి పంచి, వాళ్ళ సొంత డబ్బులా విరాళాలు ఇప్పించారని, 10 లక్షలకు పైగా సూపర్ ప్యాక్‌కి మళ్ళించారని 2019లో నేరారోపణ వచ్చింది. 2015 నాటి ప్రకటన అబద్ధమన్నదీ అందులో ఒక నేరమే. 2023 ఏప్రిల్‌లో జ్యూరీ 10 అభియోగాల మీద అతన్ని దోషి అంది. 2025 నవంబర్లో 14 ఏళ్ళ శిక్ష పడింది. ఆ కేసులో ఒబామా ప్రచార బృందం మీద ఏ ఆరోపణా లేదు. ఝో లో ఇంకా దొరకలేదు, తాను ఏ తప్పూ చేయలేదనే అంటున్నాడు.

కిరాణీ తాతగారికి ఇదంతా చదివి చెప్తే ఆయన అన్నారు: "చూశావా, చెక్‌రోల్‌లో పేరుంది. స్టోరు పుస్తకం దొరికేదాకా పేరు వెనక మనిషి లేడు."

కాగితం ఎంతదాకా పనిచేసింది?

2018 మే 9న మలేషియా జనం ప్రభుత్వాన్ని మార్చారు. వారం తిరక్కుండానే ఆడిటర్ రిపోర్టు మీద రహస్యం ముద్ర తీసేశారు. జూలై 4న నజీబ్‌పై ఎస్ఆర్‌సీ కేసు పెట్టారు. ఎస్ఆర్‌సీ అనేది 1ఎమ్‌డీబీ కింద మొదలైన ఇంకో కంపెనీ. ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి నుంచి 400 కోట్ల రింగిట్లు అప్పు తెచ్చుకుంది. అక్కడి నుంచి 4 కోట్ల 20 లక్షలు ఆయన ఖాతాల్లో పడ్డాయి. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు రిటైరయ్యాక తినే డబ్బు దాచిన పెట్టె అది. 2020 జూలై 28న 12 ఏళ్ళ జైలు, 21 కోట్ల రింగిట్ల జరిమానా పడ్డాయి. 2022 ఆగస్టు 23న పై కోర్టు ఖాయం చేశాక ఆయన జైలుకి వెళ్ళారు. 2024లో క్షమాభిక్ష మండలి శిక్షని 6 ఏళ్ళకి, జరిమానాని 5 కోట్లకి తగ్గించింది. పెద్ద కేసు, అంటే మనం పైన చూసిన 208 కోట్లు కూడా ఉన్న 1ఎమ్‌డీబీ కేసులో, 2025 డిసెంబర్ 26న హైకోర్టు ఆయన్ని దోషి అంది. 15 ఏళ్ళ జైలు, 1,140 కోట్ల రింగిట్ల జరిమానా వేసింది. సౌదీ విరాళం మాటని జడ్జి నమ్మలేదు. తాను నిర్దోషినన్నది మొదట్నుంచీ నజీబ్ వాదన.

మరి ఆ ఖాతా నుంచి చెక్కులు అందుకున్నవాళ్ళ సంగతి? 2019 జూన్‌లో అవినీతి నిరోధక కమిషన్ 41 మంది వ్యక్తులు, సంస్థల నుంచి 27 కోట్ల రింగిట్లు వెనక్కి రప్పించమని దరఖాస్తులు పెట్టింది. అందులో అంబ్నో శాఖలు, కూటమి పార్టీల విభాగాలు ఉన్నాయి. 2013లో స్తంభాలకి వేలాడిన జెండాల డబ్బు జాడకి చేతికందినంత దగ్గరగా వచ్చింది ఇక్కడే. కానీ 2021లో అంబ్నో ఖాతా విషయంలో హైకోర్టు ఆ దరఖాస్తు కొట్టేసింది. ఆ ఖాతాలోని డబ్బు నేరం నుంచి వచ్చిందేనని ప్రాసిక్యూషన్ చూపించలేకపోయింది అంది.

నాకు ఇది చదివినప్పుడు నా 85 వేలు గుర్తొచ్చాయి. డబ్బు ఎవరిచ్చారో తేలింది. ఎవరి చేతికొచ్చిందో తేలింది. కానీ ఏ రూపాయి దేనికి ఖర్చయిందో రాయాలన్న నియమం లేని చోట గొలుసు చివరి కడియం దగ్గర తెగిపోతుంది. అమెరికా సూపర్ ప్యాక్ కథకీ, ఇక్కడి కథకీ తేడా అదే. అక్కడ ముసుగు వేసుకున్న పేరయినా రాసి ఉంది కాబట్టి, ఏడేళ్ళ తర్వాత కూడా ఎవరో వచ్చి ఆ ముసుగు తీయగలిగారు.

మన దేశంలో ఇదే పద్ధతి

మన దేశంలో ఏమీ లేదా అని అడుగుతారు. ఉంది. ఎలక్టోరల్ బాండ్ల సంగతి మీకు తెలుసు. కంపెనీ స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకి ఇస్తుంది, ఎవరు ఎవరికిచ్చారో జనానికి తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చి 14న ఎన్నికల సంఘం రెండు జాబితాలు పెట్టింది. ఒకటి కొన్నవాళ్ళది, ఇంకొకటి తీసుకున్న పార్టీలది. కొన్నవాళ్ళలో రెండో పెద్ద పేరు మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్, 966 కోట్ల రూపాయలు. అప్పటి చట్టం ప్రకారం కొనడం తప్పు కాదు. కానీ రెండు జాబితాలున్నా, ఎవరి బాండు ఏ పార్టీకి వెళ్ళిందో చెప్పే నంబరు మాత్రం లేదు. కోర్టు మళ్ళీ గట్టిగా అడిగితే మార్చి 21న బాండు నంబర్లతో సహా ఇచ్చారు. ఆ రోజు నుంచి ఇంట్లో కంప్యూటరున్న ఏ కుర్రాడైనా రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి జత కలపగలిగాడు. దాచింది పేర్లని కాదు, రెండు పుస్తకాల్నీ కలిపే ఒక్క నంబరుని.

ఇదంతా వందల కోట్ల మాట, మనకెందుకు అని మీకనిపించొచ్చు. నాకు అర్థమైంది చెప్తాను. పెద్ద డబ్బుకీ, మన జీతానికీ దొంగతనం జరిగే తీరు ఒకటే. ఇచ్చేవాడి పుస్తకం ఒకటి, పుచ్చుకునేవాడి పుస్తకం ఒకటి, మధ్యలో జతపడనివ్వరు. మన విషయంలో రెండో పుస్తకం రాయాల్సింది మనమే. ఏజెంటుకి ఇచ్చేది చేతికివ్వకండి, బ్యాంకు ద్వారా వేయండి. ఎందుకిస్తున్నారో అందులో రాయండి. జీతం చీటీ అడగండి. ఇవ్వకపోతే ఆ నెల ఎన్ని గంటలు చేశారో, ఎంత చేతికొచ్చిందో, ఏమని కోశారో తేదీతో నోట్‌బుక్కులో రాసి, ఫొటో తీసి ఇంటికి పంపండి. సంతకం పెట్టే కాగితం చదవకుండా పెట్టొద్దు. చదవడం రాకపోతే ముందు ఫొటో తీసి తెలిసినవాళ్ళకి చూపించండి.

పోయిన ఏడాది మా పాత రూమ్‌లో ఉండే కోనసీమ తమ్ముడికి నాలుగు నెలల ఓవర్‌టైమ్ రాలేదు. వాడి నోట్‌బుక్కులో రోజు వారీగా గంటలున్నాయి. ఓనరు దగ్గర హాజరు పుస్తకం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టారు. కూర్చుని మాట్లాడుకుంటే అడిగిందంతా రాలేదు, మూడొంతుల్లో రెండొంతులు వచ్చింది. వాడు నాకు ఫోన్ చేసి, అన్నా నీ కిరాణీ తాతకి దండం పెట్టానని చెప్పు అన్నాడు.

తాతగారు ఈ మధ్య కళ్ళు సరిగ్గా కనబడక చదవడం మానేశారు. ఆదివారం ఆఫ్ దొరికినప్పుడు నేనే వెళ్ళి పేపరు చదివి వినిపిస్తున్నాను. పోయినసారి వెళ్ళినప్పుడు పార్టీ విరాళాల చట్టం తెస్తారట తాతగారూ అన్నాను. ఆయన నవ్వి, "తేనీ. తెచ్చాక పుస్తకం ఎక్కడ పెడతారో అడుగు" అన్నారు.

మీ దగ్గర ఇలాంటి లెక్కల కథ ఏదైనా ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. పేర్లు చెప్పొద్దు, తేదీలు చెప్పండి చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి.